కస్టమ్ గిటార్‌కు మూడున్నర లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు ఉండేది విశాఖలో. ఇండోనేషియాలో తయారైన స్ట్రాట్ రకం (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ నమూనా) ఎలక్ట్రిక్ గిటార్‌తో ఐదేళ్లుగా ఫంక్షన్లలో ఆర్కెస్ట్రాతో వాయిస్తున్నారు, ఇంట్లో రికార్డింగ్ చేసుకుంటున్నారు. ఇప్పుడు చేతిలో మూడున్నర లక్షలున్నాయి. ఆర్డర్ మీద ఒక్కొక్కటిగా గిటార్లు చేసే విదేశీ పనివాళ్ల దగ్గర కట్టించుకోవాలా, లక్షా లక్షా పాతిక వేలలో కంపెనీ గిటార్ తీసుకోవాలా అని అడిగారు. ఉన్న గిటార్ మీద రెండు ఫిర్యాదులు కూడా చెప్పారు: పన్నెండో ఫ్రెట్ (నెక్ అనే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దాటాక సన్న తీగను పక్కకు లాగితే, అంటే బెండ్ చేస్తే, స్వరం మధ్యలో చచ్చిపోతోంది, జి తీగ శ్రుతి నిలవడం లేదు.

ఆ రెండు ఫిర్యాదుల కోసమే అయితే కస్టమ్ గిటార్ వద్దు. ఆ రెండూ కొన్ని వేలతో పోయే జబ్బులు. అవి పోయాక కూడా మీ చేతికి, మీ సంగీతానికి కావలసినది ఏ కొట్లోనూ దొరకడం లేదని తేలితే, అప్పుడు కస్టమ్‌కు పెట్టిన డబ్బు నిజంగా దక్కుతుంది.

డబ్బు ఎక్కడికి పోతుందో ముందు చూద్దాం. గిటార్ తయారీలో యంత్రం చేసే పని ఇప్పుడు బాగా చవక. 648 మిల్లీమీటర్ల స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న గిటార్‌లో మొదటి ఫ్రెట్ నట్ (తల దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి 36.37 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. స్కేల్‌ను 17.817తో భాగిస్తే వచ్చే లెక్క అది. ఫ్రెట్ కూర్చునే గాడి కోసే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) యంత్రం సురబయలో ఉన్నా కాలిఫోర్నియాలో ఉన్నా కోత ఒకటే. అందుకే ముప్పై నలభై వేల గిటార్‌లో కూడా ఫ్రెట్లు సరైన చోటే ఉంటాయి, నెక్ సరిగ్గానే కూర్చుంటుంది. చవక గిటార్‌లో తగ్గేది చేతి పని. ఫ్రెట్లన్నీ ఒకే మట్టానికి అరగదీయడం, వాటి నెత్తి గుండ్రంగా తీర్చడం, అరచేతికి గుచ్చుకోకుండా కొసలు నున్న చేయడం, నట్‌లో ఒక్కో తీగకూ దాని మందానికి తగ్గ గాడి తీయడం. దీనికి గంటలు పడతాయి, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. ఫ్యాక్టరీలో ఒక్కో గిటార్‌కు అంత సమయం ఇవ్వరు. గిబ్సన్ లాంటి పెద్ద కంపెనీలు ఈ పనికి ప్లెక్ అనే కంప్యూటర్ యంత్రం వాడతాయి. మంచి కస్టమ్ పనివాళ్లు చేత్తోనో, ఆ యంత్రంతోనో, రెండూ కలిపో చేస్తారు.

ఆ చేతి పనికి పెట్టే డబ్బు వృథా కాదు. కానీ కస్టమ్ గిటార్ బిల్లులో అది ఒక భాగమే. మిగతాది అలలు తేలిన మేపుల్ పైచెక్కకు, వారాల తరబడి ఆరే నైట్రోసెల్యులోజ్ పూతకు, ఏటా కొద్ది గిటార్లే చేసే చోట ఒక్కోదాని మీద పడే అద్దె జీతాలకు, చివరికి పేరుకు పోతుంది. ఫెండర్ 1987లో కాలిఫోర్నియాలోని కరోనాలో కస్టమ్ షాప్ పెట్టింది. 1990ల నడుమ నుంచి అక్కడ కొత్త గిటార్‌నే గీతలు పెట్టి, పెచ్చులు లేపి పాతదానిలా చేసి అమ్ముతున్నారు. ఆ పనికి గంటలు పట్టేది నిజమే, డబ్బు తీసుకోవడమూ న్యాయమే. కానీ ఆ గంటల్లో ఒక్క నిమిషం కూడా మీ బెండ్‌ను బాగు చేయదు. కొటేషన్ తెప్పించినప్పుడు మొత్తం అంకె చూసి ఆగిపోకండి. చెక్క, పూత, పికప్‌లు (తీగ కదలికను పట్టే అయస్కాంత భాగాలు), ఫ్రెట్ పని విడివిడిగా ఎంతో అడగండి. అలలు తేలిన పైచెక్క ఒక్కటి తీసేస్తేనే ధర ఎంత దిగుతుందో మీకే తెలుస్తుంది.

ఇక నాదం. "ఈ చెక్కకు ఈ ధ్వని" అన్న మాట నమ్మి డబ్బు పెట్టేవాళ్లు చాలామంది. మీకు దగ్గర్లోనే ఉన్న పోలిక చెప్తాను. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మొద్దుతో ఏకాండి వీణ చేస్తారు. ఆ కుండను ఎంత పల్చన తొలిచారు, చెక్క ఎలాంటిది అన్నదాని మీదే నాదం ఆధారపడుతుంది, ఎందుకంటే గాలిని కదిలించేది ఆ చెక్కే. ఎలక్ట్రిక్ గిటార్‌లో గాలిని కదిలించేది స్పీకర్. పికప్‌కు తెలిసేది తన అయస్కాంతం ముందు ఉక్కు తీగ ఎలా కదిలిందన్నదే. చెక్క ఆ కదలికలో కొంత శక్తిని తినేస్తుంది కాబట్టి ప్రభావం బొత్తిగా లేదనలేం. కానీ దానికంటే చాలా పెద్ద మార్పులు తెచ్చేవి చవక వస్తువులు.

ఉదాహరణకు కేబుల్. స్ట్రాట్‌లో ఉండే సింగిల్ కాయిల్ (ఒకే వైరు చుట్ట ఉన్న) పికప్ ఇండక్టెన్స్ సుమారు 2.4 హెన్రీలు. మామూలు గిటార్ కేబుల్‌లో మీటరుకు దాదాపు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ధ్వనిని ఉబ్బిస్తాయి, దాని పైన కోసేస్తాయి. పికప్‌లో, వైర్లలో ఉండే మరో 100 పికోఫారడ్లు కలిపి లెక్కేస్తే, 3 మీటర్ల కేబుల్‌తో ఆ శిఖరం 5.1 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది, 6 మీటర్లదైతే 3.9కి దిగిపోతుంది. వినగానే తెలిసే తేడా ఇది. పొడవు కేబుల్‌తో ధ్వని మొద్దుబారిందని పికప్‌లు మార్చేసేవాళ్లుంటారు, మార్చాల్సింది కేబుల్. వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచే తగ్గించే బిరడా కింద ఉండే రెసిస్టర్) కూడా అంతే. 250 కిలో ఓమ్‌లని రాసి ఉన్న పాట్ తయారీలో 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 200 నుంచి 300 దాకా ఏదైనా కావొచ్చు. 300 చూపించేది పదునుగా, 200 చూపించేది మెత్తగా వినిపిస్తుంది. మల్టీమీటర్‌తో కొలిచి కావలసినది ఏరుకోవడం కొన్ని వందల రూపాయల పని. ఇంట్లో రికార్డ్ చేస్తారు కాబట్టి ఇంకో మాట: సాకెట్‌కు ఎర్తింగ్ సరిగ్గా లేకపోయినా, ఇన్వర్టర్ సైన్ వేవ్ కాకపోయినా సింగిల్ కాయిల్ పికప్ ఆ బుస్సుమనే గోలనంతా పట్టేస్తుంది. మూడున్నర లక్షల గిటార్ అయినా సింగిల్ కాయిల్ సింగిల్ కాయిలే.

ఇప్పుడు మీ ఫిర్యాదులకు వద్దాం. లాగినప్పుడు స్వరం చావడానికి మూడు కారణాలుండొచ్చు, మూడింటినీ ఇంట్లోనే పరీక్షించొచ్చు. తీగలు శ్రుతిలో ఉండగానే లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ నెత్తికీ తీగకూ మధ్య సందు చూడండి. అది 0.25 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, సుమారుగా ఒక విజిటింగ్ కార్డు మందం. సందు అసలు లేకపోతే నెక్ వెనక్కి వంగింది, అర మిల్లీమీటరు దాటితే ముందుకు వంగింది. నెక్ వంపును సరిచేసే లోపలి ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకండి. గట్టిగా తగిలితే బలవంతం చేయకండి, అక్కడితో ఆపి పనివాడికి చూపించండి. నెక్ సరిగ్గా ఉందని తేలాక ఫ్రెట్ రాకర్ అనే చిన్న ఉక్కు పలకను మూడేసి ఫ్రెట్ల మీద ఆనించి ఊపండి. అది లేకపోతే ఏటీఎం కార్డు అంచు కూడా ఉజ్జాయింపుగా పని చేస్తుంది. ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉందన్నమాట. పన్నెండు దాటాకే చస్తోందన్నారు కాబట్టి పద్నాలుగో ఫ్రెట్ తర్వాత ప్రత్యేకంగా చూడండి. బోల్టులతో బిగించిన నెక్‌లలో ఒంట్లోకి దిగే కొస కొంచెం పైకి లేవడం చాలా సాధారణం, సముద్రపు తేమలో మరీను. ఆ భాగంలో ఫ్రెట్లను క్రమంగా కిందికి అరగదీస్తే సరిపోతుంది.

మూడో కారణం ఫ్రెట్‌బోర్డ్ వంపు, ఇదొక్కటే అరగదీతతో పూర్తిగా పోదు. బోర్డు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది. ఆ వంపును వ్యాసార్థంతో, అంగుళాల్లో చెప్తారు, అంకె పెరిగేకొద్దీ బోర్డు చదును. అంచున ఉన్న సన్న తీగను మధ్యకు లాగినప్పుడు తీగ ఎత్తు దాదాపు అంతే ఉంటుంది, దాని కింద బోర్డు లేస్తుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను 8 మిల్లీమీటర్లు లాగారనుకుందాం. 7.25 అంగుళాల వంపున్న పాతకాలపు బోర్డులో తీగ కింది భాగం సుమారు 0.77 మిల్లీమీటర్లు పైకి వస్తుంది. 9.5 అంగుళాలదైతే 0.6, 16 అంగుళాలదైతే 0.35. మీరు యాక్షన్‌ను, అంటే ఫ్రెట్ మీద తీగ ఎత్తును, పన్నెండో ఫ్రెట్ దగ్గర 1.2 మిల్లీమీటర్లకు దించేసి ఉంటే ఆ సందులో సగమో అంతకు మించో ఇక్కడే పోతోంది. ముందుకున్న ఫ్రెట్‌కు తీగ తగిలి స్వరం ఆగిపోతుంది. ఫ్రెట్లు మట్టం చేయించి యాక్షన్ 1.6కు పెంచితే 9.5 వంపులో మామూలు బెండ్‌లన్నీ పలుకుతాయి. ఇంకా కింద యాక్షన్ కావాలి, ఇంకా ఎక్కువ లాగాలి అంటే వంపు మారాలి. అంటే వేరే నెక్.

జి తీగ సంగతి ఇంత లోతు కాదు. చాలావరకు నట్ గాడి ఇరుకుగా ఉండటమే. శ్రుతి పెంచుతుంటే 'టింక్' మని చిన్న చప్పుడు వస్తోందా? వస్తే తీగ గాడిలో ఇరుక్కుని, ఒక్కసారి జారుతోందన్నమాట. తాత్కాలికంగా మెత్తని పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దండి. శాశ్వతంగా కావాలంటే ఎముకతో కొత్త నట్ వేయించండి. గాడి ఎత్తు కూడా అప్పుడే సరిచూపించండి: తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే మొదటి ఫ్రెట్ మీద ఒక కాగితం మందమే ఖాళీ ఉండాలి. అంతకంటే ఎత్తుంటే మొదటి మూడు ఫ్రెట్లలో కార్డ్‌లన్నీ (కలిపి మోగించే స్వరాలు) శ్రుతి ఎక్కువగా పలుకుతాయి. ఆ తప్పును తీగల అవతలి కొస ఆనే బ్రిడ్జ్ దగ్గర సరిచేయబోయి మొత్తం చెడగొట్టుకుంటారు.

ఫ్రెట్ల మట్టం, కొత్త నట్, కొలిచిన పాట్లు, లాకింగ్ ట్యూనర్లు (తీగను జారకుండా బిగించి పట్టే బిరడాలు), కావాలంటే ఒక మంచి పికప్ సెట్. ఇవన్నీ కలిపినా మీరు చెప్పిన మొత్తంలో చిన్న ముక్కే. ఈ పని చేయించిన ఇండోనేషియా గిటార్‌ను, డబ్బా నుంచి అప్పుడే తీసిన ఖరీదైన గిటార్‌ను కళ్లకు గంతలు కట్టి వాయించమంటే ఏది ఏదో తేల్చడంలో చెయ్యి తడబడుతుంది. ఖరీదైనదాన్ని కించపరచడానికి ఈ మాట అనడం లేదు. వాయించేవాడికి అందేది ఎక్కువగా సెటప్పేనని చెప్పడానికే.

మరి కస్టమ్ ఎవరికి? కొట్టు గిటార్‌లో ఉండనిది కావలసినవాళ్లకు. ఎడమచేతి వాటం వాళ్లకు కొట్లో నాలుగు మోడళ్లు దొరకడమే గగనం. నడుము నొప్పి ఉండి మూడు గంటలు నిలబడి వాయించేవాళ్లకు 4 కిలోలు దాటిన గిబ్సన్ లెస్ పాల్ గిటార్ శిక్ష, 2.8 కిలోల గిటార్ చేసి ఇమ్మని ఆర్డర్‌లో రాయించుకోవచ్చు. కింది శ్రుతుల్లో వాయించేవాళ్లకు 27 అంగుళాల స్కేల్ కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మన సంగీతం వాయించేవాళ్లకు.

దీనికి పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ వాద్యం కంటే మంచి ఉదాహరణ దొరకదు. పాశ్చాత్య మాండొలిన్‌కు జంటలుగా నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగను లాగి గమకం పలికించడం దుర్లభం. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, ఐదో తీగ చేర్చుకున్నారు, ఎలక్ట్రిక్ పికప్‌తో నాదాన్ని నిలబెట్టారు. ఒక్కో మార్పు వెనుకా ఒక సంగీత అవసరం ఉంది. కస్టమ్ అనే మాటకు సరైన అర్థం అది. మీరు గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించాలనుకుంటే వీణ మెట్ల మీద లాగినట్టు రెండు మూడు స్వరస్థానాలు లాగాలి. దానికి 16 అంగుళాలో అంతకు మించో చదునైన బోర్డు, ఎత్తైన ఫ్రెట్లు, అవసరమైతే ఫ్రెట్ల మధ్య చెక్క తొలిచిన స్కాలప్డ్ బోర్డు కావాలి. కంపెనీ వరుసలో ఇవన్నీ ఒకే గిటార్‌లో దొరకడం చాలా అరుదు. అక్కడ అదనపు డబ్బు ఒక్క రూపాయి కూడా దండగ కాదు.

ఆర్డర్ పెట్టే దాకా వస్తే, "నాకు మంచి నెక్ కావాలి" అని రాయకండి. చేతిలో హాయిగా అనిపించిన గిటార్ తీసుకుని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి: నట్ వెడల్పు (42 మిల్లీమీటర్లా, 43ఆ), మొదటి ఫ్రెట్ దగ్గర నెక్ మందం, పన్నెండో దగ్గర మందం, బ్రిడ్జ్ మీద అంచు తీగల మధ్య దూరం. మొదటి ఫ్రెట్ దగ్గర 20.5, పన్నెండో దగ్గర 22 అంటే నేటి సన్నని 'సి' ఆకారం. 23 దాటితే చేతి నిండుగా తగులుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాకే గంట తర్వాత బొటనవేలు నొప్పి పెడుతుంది. ఈ అంకెలు మీ దగ్గర లేవంటే ఆర్డర్ పెట్టే సమయం ఇంకా రాలేదు.

విశాఖ గాలికి తగ్గట్టు కొన్ని మొదటే రాయించుకోవాలి. నెక్‌కు రోస్టెడ్ మేపుల్ అడగండి, ఆక్సిజన్ తగ్గించి వేడి చేసిన ఈ చెక్క తేమను తక్కువ పీలుస్తుంది. లోపల రెండు వైపులా పనిచేసే ట్రస్ రాడ్, దాని పక్కన కార్బన్ ఫైబర్ కడ్డీలు ఉంటే ఇంకా నిశ్చింత. ఫ్రెట్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకోండి. ఉప్పుగాలికి నల్లబడవు, మామూలు నికెల్ సిల్వర్ కంటే చాలా ఏళ్లు ఎక్కువ వస్తాయి, లాగినప్పుడు తీగ నున్నగా జారుతుంది. పూత పాలీయురిథేన్ చాలు. నైట్రో పూత అందంగా పాతబడుతుంది, నిజమే, కానీ చెమటకు జిగటవుతుంది, స్టాండ్‌కున్న రబ్బరు తగిలిన చోట కరుగుతుంది. ఫంక్షన్ హాల్లో ఉక్కపోత, ఇంట్లో ఏసీ, ఈ మార్పులకు చిట్లుతుంది కూడా. చెక్క ఆరినప్పుడు అడ్డంగా కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు. రోజంతా ఏసీ నడిచే గదిలో ఫ్రెట్ కొసలు బయటికొచ్చి చేతికి గీరుకోవడానికి అదే కారణం. గదిలో చిన్న హైగ్రోమీటర్ పెట్టి తేమను 45 నుంచి 55 శాతం మధ్య ఉంచగలిగితే సగం బాధలు రావు.

కస్టమ్‌లో దెబ్బ తగిలేది ఎక్కువగా కాగితాల దగ్గర. ముందుగా సగం దాకా అడ్వాన్స్ అడుగుతారు, అది సాధారణంగా తిరిగి రాదు. ఆరు నెలలన్నది ఏడాదిన్నర అవుతుంది, ఆ లోపు డాలర్ కదులుతుంది. చేరాక నెక్ మెలి తిరిగితే ఎవరి ఖర్చుతో వెనక్కి పంపాలి? ముందే రాతలో ఉండాలి. కస్టమ్స్ సుంకం గిటార్ ధర ఒక్కదాని మీదే వేయరు. రవాణా, బీమా కలిపిన విలువ మీద వేస్తారు, దాని మీద మళ్లీ ఐజీఎస్టీ. ఆర్డర్‌కు ముందే కొరియర్ వాళ్లతో మొత్తం లెక్క వేయించుకోండి. మీ మూడున్నర లక్షల్లో గిటార్‌కు మిగిలేది అనుకున్నదాని కంటే బాగా తక్కువని అప్పుడు తెలుస్తుంది. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ జోలికి అసలు వెళ్లకండి. అది 1992 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటదు. మామూలు రోజ్‌వుడ్‌తో చేసిన వాద్యాలకు 2019 నవంబర్ నుంచి ఆ అనుమతుల బాధ తీరింది. అమ్మకం గురించి కూడా ఆలోచించండి. ఫెండర్, గిబ్సన్ అయితే కొనేవాళ్లు దొరుకుతారు. పేరు తెలియని పనివాడు మీ చేతి కొలతకు చేసిన గిటార్‌ను మన దగ్గర సగం ధరకు అమ్మడం కూడా కష్టమే. దాన్ని ఎప్పటికీ ఉంచుకునే వస్తువుగానే కొనాలి.

కాబట్టి మీ విషయంలో నేను చెప్పేది: ఈ నెలలో ఉన్న గిటార్‌కు ఫ్రెట్ల మట్టం, నట్ చేయించండి. మూడు నెలలు దాని మీదే వాయించండి, ఆగినప్పుడల్లా దేని వల్ల ఆగిందో ఒక పుస్తకంలో రాయండి. ఆ పుస్తకంలో బరువు, వంపు, నెక్ మందం, స్కేల్ లాంటి మాటలు పదే పదే కనిపిస్తే కాలిపర్ తీయండి, కస్టమ్ ఆర్డర్‌కు సిద్ధంగా ఉన్నారు. కనిపించకపోతే లక్షా పాతిక వేల లోపు కంపెనీ గిటార్ తీసుకుని మిగిలిన డబ్బు మంచి యాంప్‌కు, గదికి సౌండ్ ట్రీట్‌మెంట్‌కు పెట్టండి. ఏది కొన్నా పెట్టె ఇంటికి చేరగానే విప్పకండి. గది వేడికి అలవాటు పడే దాకా ఒక రోజు అలాగే ఉంచి, తర్వాత తెరిచి ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు కొలిచి రాసుకోండి. మూడు వారాలకు మళ్లీ కొలవండి. రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా ఉంటే, వాపసు గడువు ముగియకముందే అమ్మినవాళ్లకు రాయండి.